దాస్ రిటైరవుతున్నారని రాసి నాచారం వెళ్ళాను

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెబితే మా విశాఖపట్నంలో అందరూ ముందు అడిగేది చార్మినార్ చూశావా అని. చూడలేదు. హుస్సేన్ సాగర్ ఎటువైపుందో కూడా నాకు తెలియదు. ఉన్న నాలుగు రోజులూ ఊరికి తూర్పు కొసన ఉప్పల్, నాచారం, బోడుప్పల్ మధ్యనే తిరిగాను. వింతలు చూద్దామని అటు ఎవరూ వెళ్ళరు. నేను ఒక పెద్దమనిషికి వీడ్కోలు చెప్పి, శాలువా కప్పి వద్దామని వెళ్ళాను.

వెళ్ళడానికి కారణం ముందు చెప్పాలి. నేను ఒక కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపులో పనిచేస్తాను. ఆ కాలేజీ ఉత్సవాలకు రెండుసార్లు హైదరాబాదు నుంచి థర్డ్ షిఫ్ట్ అనే బ్యాండు వచ్చింది. బ్యాండు మొదలుపెట్టినవాళ్ళు నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. వాళ్ళు వాయించేది మెటల్. తెలియనివారికి చెప్పాలంటే, గిటార్లు పిండిమర ఆడినట్టు మోగుతాయి, పాడేవాడు గొంతు చించుకుంటాడు, వాటి కింద డ్రమ్ములు వంతెన మీద గూడ్సు బండి పోయినట్టు పోతూనే ఉంటాయి. మా నాన్న ఒకసారి వాళ్ళ క్యాసెట్ విని, టేప్ రికార్డరు చెడిపోయింది, బాగుచేయించుకురా అన్నారు.

ఆ డ్రమ్ములు వాయించేది ప్రభుదాస్. మిగతా ముగ్గురికీ ముప్ఫై దాటలేదు, ఆయనకు నలభై ఆరు. నల్ల బనీనుతో, మెడలో తువ్వాలుతో కూర్చుని రెండు గంటలు ఆగకుండా వాయించేవాడు. మాలాంటి అభిమానులం విశాఖ, గుంటూరు, వరంగల్, హైదరాబాదుల్లో కలిపి ఓ అరవై మందిమి ఉండేవాళ్ళం. అందరికీ రెండు నెలలకోసారి నేనే ఒక కరపత్రం చేత్తో రాసి, షాపులోనే జిరాక్సు తీసి, పోస్టులో పంపేవాణ్ణి.

ఈ ఏడాది మొదట్లో రెండు కార్యక్రమాల్లో దాస్ బదులు ఇంకెవరో వాయించారని తెలిసింది. ఇక ఉత్తరాలే ఉత్తరాలు. గాయకుడితో గొడవపడ్డాడని వరంగల్ నుంచి ఒకరు. సువార్త సేవలో చేరిపోయాడని గుంటూరు నుంచి ఇంకొకరు. దుబాయి వెళ్ళాడని ఒకరు, దవాఖానాలో చెవుల డాక్టరు గది బయట చూశానని మరొకరు. అన్నీ చదివి నేను కరపత్రం మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ‘దాస్ రిటైరవుతున్నారా?’ అని రాశాను. రాసి దూరంనుంచి చూస్తే పేలవంగా అనిపించింది. చివరి ‘రా?’ మీద తెల్ల ఇంకు పూసి, ఆరాక ‘రు’ అని రాశాను. ఇరవై ఏళ్ళు వాయించిన మనిషికి వీడ్కోలు ఉత్తరాలు రాయండని కింద ఆయన ఫ్యాక్టరీ చిరునామా కూడా ఇచ్చాను. నాలుగు నెలల తర్వాత, వీడ్కోలు ప్రత్యేక సంచిక వేద్దామని, ఆయనతో మాట్లాడడానికి నోటు పుస్తకం, శాలువా పట్టుకుని రైలెక్కాను.

ఉప్పల్ రింగు రోడ్డు

ఉప్పల్‌లో మా పిన్ని కొడుకు సత్తిబాబు ఉన్నాడు. ఒక కంపెనీలో వ్యాను నడుపుతాడు. రింగు రోడ్డు దగ్గర నన్ను దించుకుని ఇరానీ హోటలుకు తీసుకెళ్ళాడు. టీ రెండు రూపాయలు. మా దగ్గర రూపాయి. కానీ ఇది పాలకోవా కరిగించి పోసినట్టుంది. పక్క బల్ల దగ్గర మంచి బట్టలు కట్టుకున్న ఇద్దరు ఒకే టీని రెండు కప్పుల్లో పోయించుకుని తాగారు. మా ఊళ్ళో అలా అడగడానికి మొహమాటపడతారు. ఇక్కడ అది స్నేహం కింద లెక్క అని సత్తిబాబు చెప్పాడు.

వాడి గది యాదమ్మగారి డాబా మీద. అరవై ఏళ్ళ మనిషి. ఇంటి వెనకనుంచి వరంగల్ రోడ్డు దాకా ఒకప్పుడు వాళ్ళ జొన్న చేలేనట. ఇప్పుడు అన్నీ ప్లాట్లు, మిగిలింది మూడు బర్రెలు. నేను మాటమాటకీ ‘అండి’ అంటుంటే ఆవిడ ముసిముసిగా నవ్వింది. సత్తిబాబు ఆవిడను ‘అత్తా’ అని పిలిచి, అడక్కుండానే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు ముంచుకుని తాగాడు. మా వీధిలో అద్దెకున్నవాడు ఆ పని చేస్తే మర్నాడే గది ఖాళీ చేయమంటారు.

ఆ పూట ఆవిడ జొన్నరొట్టె పెట్టింది. అన్నంలోకి ఒక పులుసు పోసింది, చల్లగా ఉంది. మా ఇళ్ళలో చారు కాగలేదంటే ఇల్లాలికి ఒంట్లో బాగాలేదని అర్థం. నేను పొయ్యి వెలగలేదేమో అనుకుని, ఫర్వాలేదండి, నాకు చల్లారినా ఇబ్బంది లేదన్నాను. సత్తిబాబు తల పట్టుకున్నాడు. అది పచ్చిపులుసు, కాచరు. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను.

ఎందుకొచ్చినవని ఆవిడ అడిగితే, నాచారంలో ఒకాయన రిటైరవుతుంటే సన్మానం చేద్దామని వచ్చానని చెప్పాను. మంచి పని చేస్తున్నావు బిడ్డా అంది. ఆ మాటకు నేను నిజంగానే పొంగిపోయాను.

డ్రమ్ముల కొట్టు

మర్నాడు శనివారం. నాచారం వెళ్ళే బస్సులో కూర్చుంటే, ఊరు రాకముందే ఊరి వాసన వస్తుంది. మా పోర్టు గాలి ఉప్పగా ఉంటుంది. ఇక్కడ గాలి తియ్యగా ఉండి ముక్కు మండిస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా గోడలు, గేట్లు, గేట్ల ముందు సైకిళ్ళు. ఎక్కడో సైరన్ మోగింది. టిఫిను డబ్బాలు పట్టుకున్న మనుషులు ఒక గేటులోంచి బయటికి, ఇంకో గేటులోంచి లోపలికి ఒకేసారి నడిచారు.

నేను ఒక పాన్ డబ్బా దగ్గర ఆగి, డ్రమ్ముల దాసుగారు ఎక్కడుంటారండీ అని అడిగాను. అతను తలెత్తకుండా సందు చూపించాడు. వెళ్ళి చూస్తే పెద్ద ఖాళీ జాగా, నిండా నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, తుప్పు డ్రమ్ములు. దాని యజమాని నన్ను చూడగానే లేచి, మూత ఉన్నదైతే ఒక రేటు, లేనిదైతే ఒక రేటు అని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ మందు పోసినవే కానీ సోడా వేసి మూడుసార్లు కడిగించానని, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు పట్టుకోవడానికి ఇంతకు మించినవి దొరకవని చెప్పాడు. అతని మాట మధ్యలో ఆపడం తెలియక అయిదు నిమిషాలు తల ఊపాను. చివరికి, నాకు కావలసింది వాయించే డ్రమ్ముల దాసు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి కడుపుబ్బా నవ్వాడు. ప్రభుదాసన్న తనకు బాగా తెలుసట. ఏ ఫ్యాక్టరీయో చెప్పి, దారి చూపించి, ఒక సోడా కూడా తాగించాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. దాస్ డ్యూటీలో ఉన్నాడు, రేపు చర్చిలో దొరుకుతాడు అన్నాడు. వైజాగు నుంచి వచ్చానని చెప్పగానే, దాస్‌కు ఈ మధ్య మస్తు ఉత్తరాలు వచ్చాయని, అన్నీ తన చేతుల మీదుగానే ఇచ్చానని చెప్పాడు. నా పిలుపు విని అంతమంది రాశారన్నమాట. రిటైరయ్యేవాడికి ఇంకేం కావాలి అనుకుంటూ బస్సెక్కాను.

ఆదివారం

చర్చి చిన్నది, పైన రేకులు. మా వీధి చివరి చర్చిలో బల్లలుంటాయి, ఇక్కడ చాపలు. చెప్పులు బయట వదిలి, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది జనగామ, భువనగిరి వైపు పల్లెల నుంచి పనులకొచ్చి స్థిరపడినవాళ్ళని పక్కాయన చెప్పాడు. ఆటో తోలేవాళ్ళు, నర్సమ్మలు, ఫ్యాక్టరీవాళ్ళు. హార్మోనియం మీద పాస్టరుగారి భార్య, ఢోలక్ మీద ఎవరో పెద్దాయన. ఢోలక్ ప్రతి చరణంలోనూ వెనకబడుతోంది.

దాస్ ఆఖరి వరసలో ఉన్నాడు. నూనె రాసి దువ్విన జుట్టు, తెల్ల చొక్కా. స్టేజి మీద చూసిన మనిషేనా అని రెండుసార్లు చూశాను. ఆయన వాక్యం వింటున్నట్టు కాకుండా, కిటికీ వైపు ముఖం తిప్పి కూర్చున్నాడు. పొగరేమో అనుకున్నాను. ప్రార్థన అయ్యాక వెనకనుంచి వెళ్ళి, నమస్కారమండీ దాస్‌గారూ అన్నాను. తిరగలేదు. మళ్ళీ అన్నాను. పక్కన ఉన్నావిడ ఆయన చెయ్యి తట్టి, నాతో అంది:

“ఈ దిక్కుకొచ్చి మాట్లాడు బిడ్డా. ఆయనకు కుడి చెవ్వు ఇనబడది.”

ఆవిడ భార్య సుగుణమ్మ. ఒక బడిలో ఆయాగా చేస్తుంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నది ఎడమ చెవి పాస్టరుగారి వైపు పెట్టడానికని అప్పుడు అర్థమైంది. నా పేరు రమణ అని, వైజాగు నుంచి ఆయన్ను చూడ్డానికే వచ్చానని ఎడమ పక్కకెళ్ళి గట్టిగా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, అంత దూరం నుంచి వచ్చినవాడివి తినకుండా పోతావా అని ఇంటికి నడిపించాడు.

బగారా అన్నం

వరసగా ఉన్న ఇళ్ళలో రెండు గదుల ఇల్లు. గది మూల దుప్పటి కప్పిన డ్రమ్ములు. దుప్పటి మీద మడత పెట్టిన బట్టలు, వాటి మీద పిల్లల పాత పుస్తకాలు. కూతురు పెళ్ళయి చర్లపల్లిలో ఉంటుందట.

సుగుణమ్మగారు బగారా అన్నం, కోడికూర పెట్టింది. మా పలావులో పడే మసాలా సగం కూడా ఇందులో లేదు. కూర కారం మాత్రం మా కారానికి అన్నగారు. దాస్ తన సంగతులు చెప్పాడు. వాళ్ళ నాయిన పల్లెలో డప్పు కొట్టేవాడు. ఈయన పద్దెనిమిదో ఏట నాచారం వచ్చి, ఒక పెళ్ళి బ్యాండులో కర్రలు పట్టడం నేర్చుకుని, తర్వాత ఈ సంగీతంలో పడ్డాడు. పగలు ఫ్యాక్టరీలో రేకు వత్తే ప్రెస్సు దగ్గర చప్పుడు, సాయంత్రం డ్రమ్ముల దగ్గర చప్పుడు. కుడి చెవి పోయాక గాని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఎడమదైనా నిలవాలంటే ఆరు నెలలు చప్పుడుకు దూరంగా ఉండు, తర్వాత చూద్దాం అన్నాడు డాక్టరు.

నేను నోటు పుస్తకం తీసి రాసుకుంటున్నాను. దాస్ చెప్పిన తర్వాతి మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆయన రిటైరవలేదు. మేనేజరును బతిమాలి, జీతం కొంత తగ్గినా సరేనని ప్రెస్సు నుంచి స్టోరు రూముకు మారాడు. గాయకుడు శ్రీనుతో, దసరాకు వాపస్ వస్తా, అందాక ఎవరినన్నా పెట్టుకోమని చెప్పాడు. శ్రీను సరేనన్నాడు. అంతే జరిగింది. నెల తిరక్కుండా ఉత్తరాలు రావడం మొదలైంది.

సుగుణమ్మగారు గుడ్డ సంచీలోంచి ఆ ఉత్తరాలు తీసి నా ముందు పెట్టింది. మంచి కాగితాలు, మంచి మాటలు. మీ చేతులకు దండం. మీరు లేని బ్యాండు మాకు లేదు. విశ్రాంతి జీవితం సుఖంగా గడవాలి. కొన్ని చేతిరాతలు నాకు తెలిసినవే.

“అందరు మంచిగనే రాసిన్రు,” అన్నాడు దాస్. “అందరు పోయి రమ్మనే రాసిన్రు. ఒక్కడన్న ఉండుమని రాస్తడేమో అని అన్ని సదివిన. ఒక్కడు రాయలే.”

సంచీ అడుగున నా కరపత్రం కూడా ఉంది. తెల్ల ఇంకు పూసిన చోట జిరాక్సులో కొంచెం మసక పడింది. శ్రీనే తెచ్చి ఇచ్చాడట. తెచ్చిన రోజు కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. మళ్ళీ రాలేదు. మీరెందుకు వెళ్ళి ఇది నిజం కాదని చెప్పలేదని అడిగాను. పదేళ్ళు కలిసి వాయించినవాడు వచ్చి ఒక్కమాట అడగలేడా అని తను ఎదురుచూశానన్నాడు దాస్.

సుగుణమ్మగారు నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ, ఆ కాయిదం కూడా వైజాగు నుంచే వచ్చింది, రాసినోడు నీకు ఎరుకేనా అని అడిగింది.

మా ఊళ్ళో చాలామందిమి ఉన్నామండి అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఆ ఇంట్లో వాళ్ళ అన్నం తింటూ అంతకంటే పెద్ద అబద్ధం ఉండదు. శాలువా ఉన్న సంచీని కాలితో వెనక్కి నెట్టుకున్నాను. చెయ్యి కడుక్కుని, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. ఉప్పల్ దాకా బస్సెక్కకుండా నడిచాను.

బోడుప్పల్ షెడ్డు

ఆయనకు చెప్పే ధైర్యం లేక, శ్రీనుకు చెప్పి ఇద్దరినీ కలిపేస్తే సరిపోతుందనుకున్నాను. సోమవారం పొద్దున శ్రీను ఉండే బోడుప్పల్ వెళ్ళాను. ఉప్పల్ దాటాక రోడ్డుకు రెండువైపులా ఎర్రమట్టిలో వరసగా తెల్లరాళ్ళు పాతి ఉన్నాయి, ప్లాట్ల హద్దులు. ఇళ్ళు లేని వీధులకు అప్పుడే పేర్ల బోర్డులు పెట్టేశారు. మా ఊళ్ళో ముందు ఇళ్ళు, తర్వాత వీధి. ఇక్కడ తిరగేశారు.

చుట్టుపక్కల లేస్తున్న కొత్త ఇళ్ళకు గేట్లు చేసే వెల్డింగు షెడ్డు శ్రీనుది. అక్కడి పాత రైతు కుటుంబం వాళ్ళది. స్టేజి మీద గొంతు చించుకునే మనిషి ఇక్కడ చాలా నెమ్మదిగా మాట్లాడతాడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, తర్వాతే ఏం పని మీద వచ్చావని అడిగాడు. దాస్ పేరు ఎత్తగానే ముఖం మారింది.

ఆరు నెలలే కదా, ఆగుదామనే అనుకున్నారట. ఇంతలో నా కరపత్రం వచ్చింది. వెనకే కాలేజీల వాళ్ళ ఫోన్లు, మీ కొత్త డ్రమ్మరు ఎవరని. ఏదో ఒకటి చెప్పక తప్పక, తాత్కాలికంగా పెట్టుకున్నతన్నే ఖాయం చేశారు.

“నాకు జెప్పకుండ వైజాగోళ్లకు జెప్పిండని మనసుకు తాకింది,” అన్నాడు. “నేను పరాయోడిననుకున్నడా ఏంది అని మల్ల పోలే.”

“ఆయన ఎవరికీ చెప్పలేదండి. నాతో కూడా చెప్పలేదు. ఆ కాగితం రాసింది నేనే. ఊహించి రాశాను.”

శ్రీను టీ గ్లాసు కింద పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయనకు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. షెడ్డు మూసి, స్కూటరు తీసి, వెనక కూర్చోమన్నాడు. ఫ్యాక్టరీ వదిలే వేళకు నాచారంలో ఉందామన్నాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. దసరాకు ఇంకా రెండు నెలలుంది, ఏం కాలేదు అన్నాడు. నాకు కూడా ఏం కాలేదనే అనిపించింది.

మళ్ళీ నాచారం

మేము వెళ్ళేసరికి సుగుణమ్మగారు ఒక్కతే ఉంది. శ్రీనును చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది, తర్వాత పక్కకు జరిగి లోపలికి రమ్మంది. కాసేపటికి దాస్ వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, శ్రీనును చూసి, ఎప్పుడొచ్చినవురా అన్నాడు, నిన్నే కలిసినట్టు. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

ఆ చేతులు మోచేతుల దాకా నూనెతో నల్లగా ఉన్నాయి. నేను చూశాను కానీ నాకేం తెలియలేదు. శ్రీను లేచి తొట్టి దగ్గరికెళ్ళాడు.

“అన్నా, నువ్వు స్టోర్ల ఉన్నవు గదా. గీ నూనె ఏంది?”

దాస్ సబ్బు రుద్దుకుంటూనే చెప్పాడు. మళ్ళీ ప్రెస్సు దగ్గరికి వెళ్ళి మూడు నెలలైందట. స్టోరులో జీతం తక్కువ. ఉత్తరాలన్నీ వచ్చాక ఒకరోజు తనే మేనేజరు దగ్గరికి వెళ్ళి పాత పని ఇమ్మని అడిగాడు.

“డ్రమ్ములే లేనప్పుడు చెవ్వు ఎవల కోసం దాసుకోవాలె అనుకున్న,” అన్నాడు.

శ్రీను గొంతు పెంచి, వాపస్ రా అన్నా, దసరా కాదు, వచ్చే వారమే రా అన్నాడు. కొత్తవాడికి తను చెప్పుకుంటానన్నాడు. దాస్ చేతులు తుడుచుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. దెబ్బ వేస్తే తన చేతికి తెలుస్తుందని, శ్రీను గిటార్ ఎక్కడుందో మాత్రం ఇప్పుడు ఎడమ చెవికి కూడా తెలియదని చెప్పాడు. పోయిన నెల టేప్ రికార్డరులో వాళ్ళ క్యాసెట్టే పెట్టుకుని చూశాడట. సగం పాట వినబడలేదు. పోయిన వినికిడి ఇక రాదన్నాడు డాక్టరు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

శ్రీను నా వైపు చూశాడు. ఇక చెప్పక తప్పలేదు. నేలకేసి చూస్తూ, ఆ కరపత్రం రాసింది నేనేనండి అన్నాను. దాస్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ అన్నాను.

“జర గట్టిగ జెప్పు,” అంది సుగుణమ్మ. “ఆయనకు ఇనబడలే.”

లేచి ఆయన ఎడమ పక్కకు వెళ్ళి, వంగి, అరిచి చెప్పాను. నేనే రాశాను. మిమ్మల్ని అడగకుండా రాశాను. ఉత్తరాలు రాయమన్నదీ నేనే. బయట కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు మాటలు ఆపి తలుపులోంచి చూశారు. పక్కింటివాళ్ళు కూడా వినే ఉంటారు. ఒకసారి చెప్పి ఏడవడానికి సిద్ధపడ్డాను కానీ, మూడుసార్లు చెప్పేసరికి ఏడుపు కూడా రాలేదు.

దాస్ భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు. తర్వాత నా మోకాలు తట్టాడు.

“నువ్వు రాసింది అబద్ధం గాదు బిడ్డా. జర ముందుగాల రాసినవ్, గంతే.”

సుగుణమ్మగారు టీ తెచ్చింది. ముందు శ్రీనుకిచ్చి, తర్వాత భర్తకిచ్చి, ఆఖరున నా ముందు పెట్టింది.

“ఆయన గట్లనే అంటడు,” అంది నాతో. “నేను అన.”

నేను ఆ టీ తాగాను. తాగకుండా లేవడం ఇంకా పెద్ద తప్పనిపించింది. శ్రీను, దాస్ పాత కార్యక్రమాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడో స్టేజి కూలిన సంగతి, ఎక్కడో కరెంటు పోతే డ్రమ్ములొక్కటే వాయించిన సంగతి. శ్రీను అరుస్తున్నాడు, దాస్ అతని పెదవులు చూసి తల ఊపుతున్నాడు. మధ్యమధ్య ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకోటి అయ్యేది. అప్పుడు శ్రీను సరిదిద్దకుండా ఆయన అన్నదానికే నవ్వేవాడు. నేను సెలవు తీసుకుంటుంటే దాస్ గుమ్మం దాకా వచ్చి, బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి, పైలంగా పొమ్మన్నాడు.

మంగళవారం పొద్దున యాదమ్మగారు సన్మానం ఎలా జరిగిందని అడిగింది. జరగలేదని చెప్పి, శాలువా ఆవిడకిచ్చాను. ఎందుకని అడగలేదు. చలికాలం పాలు పితికేటప్పుడు కప్పుకుంటానంది.

తిరిగొచ్చాక

సవరణ వెయ్యాలని కూర్చున్నాను. దాస్ రిటైరవలేదు అని రాద్దామంటే అది ఇప్పుడు నిజం కాదు. రిటైరయ్యారు అని రాస్తే నేను మొదట రాసిందే ఒప్పవుతుంది. చివరికి జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాశాను. తెల్ల ఇంకు సంగతి, ఉత్తరాల సంగతి, చెవి సంగతి, సుగుణమ్మగారి మాట, అన్నీ. అరవై కాపీలు తీసి అందరికీ పంపాను. ఇదే ఆఖరి సంచిక అని కింద రాశాను.

పదకొండు మంది జవాబు రాశారు. ఇద్దరు నన్ను తిట్టారు. వాళ్ళ ఉత్తరాలు దాచుకున్నాను. ఎక్కువమంది కొత్త డ్రమ్మరు పేరేమిటని అడిగారు. కరపత్రం ఆపవద్దని కొందరు. గుంటూరు నుంచి ఒకతను, దాస్ రిటైరవుతారని అందరికంటే ముందు చెప్పింది మీరే, బ్యాండు లోపలి సంగతులు మీకు బాగా తెలుసు, ఇప్పుడు గాయకుడు కూడా మానేస్తాడని వింటున్నాం, నిజమేనా అని రాశాడు.

ఆ ఉత్తరానికి మాత్రం జవాబు రాశాను. నాకేమీ తెలియదు, తెలిసినట్టు రాశాను, మీకు తెలుసుకోవాలనుంటే వెళ్ళి ఆయన్నే అడగండి అని రాసి, ఈసారి శ్రీను షెడ్డు చిరునామా మాత్రం ఇవ్వకుండా, కవరు అంటించి పోస్టు చేశాను.